‘బార్బేరియన్స్’ మొదటి ఎపిసోడ్: గద్ద దొంగతనం కల్పన, అసలు మంట కోర్టులో ఉంది

ప్రశ్న: నెట్‌ఫ్లిక్స్‌లో జర్మన్ సిరీస్ ‘బార్బేరియన్స్’ మొదటి ఎపిసోడ్ చూశాను. రోమన్ సైనికులు పల్లెలోకి వచ్చి కప్పం అడగడం, పెద్దమనుషుల్ని అవమానించడం, కోపంతో కుర్రాళ్లు శిబిరంలోకి దూరి గద్ద బొమ్మ ఉన్న ధ్వజాన్ని ఎత్తుకుపోవడం, గవర్నర్ వారుస్‌కి ఆర్మీనియస్ పెంపుడు కొడుకు కావడం... వీటిలో నిజమెంత? మిగతా ఎపిసోడ్‌లు చూడొచ్చా?

సమాధానం:

ముందు సూటిగా చెప్పేస్తానండి. గద్దను ఎత్తుకుపోవడం కల్పన. పెంపుడు కొడుకన్నదీ కల్పనే. కప్పం గురించిన కోపం నిజం. ఆర్మీనియస్, వారుస్, తుస్నెల్డా, ఆమె తండ్రి సెగెస్టెస్, ఆర్మీనియస్ తండ్రి సెగిమెర్ నిజంగా బతికిన మనుషులు. పల్లె కుర్రాడు ఫోల్క్‌విన్ మాత్రం రచయితలు పుట్టించిన పాత్ర. సిరీస్ తప్పకుండా చూడండి. ఈ కథకి మూలం క్రీ.శ. 9లో జరిగిన తిరుగుబాటు: ఆర్మీనియస్ నాయకత్వంలో జర్మన్ తెగలు వారుస్ నడిపిస్తున్న మూడు లీజియన్లని (లీజియన్ అంటే సుమారు అయిదు వేల మంది రోమన్ సైనికుల దళం) తుడిచిపెట్టేశాయి. అయితే ఆ తిరుగుబాటు ఎందుకు రగిలిందో మొదటి ఎపిసోడ్ చూస్తే అర్థం కాదు. నేను డిగ్రీ కాలేజీలో ప్రాచీన చరిత్ర చెప్పి రిటైరయ్యాను. మా అబ్బాయి జర్మనీలో ఉంటాడు కాబట్టి ఆ యుద్ధం జరిగిన చోటు చూసే అవకాశం కూడా దొరికింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఎపిసోడ్ మొదలయ్యేది క్రీ.శ. 9లో. చూస్తుంటే రోమన్లు అప్పుడే కొత్తగా ఊళ్లోకి దిగినట్టు అనిపిస్తుంది. నిజానికి వాళ్లు అప్పటికి ఇరవై ఏళ్లుగా అక్కడ తిరుగుతున్నారు. ఆగస్టస్ చక్రవర్తి సవతి కొడుకు డ్రూసుస్ క్రీ.పూ. 12లో రైన్ నది దాటి దండయాత్రలు మొదలుపెట్టి ఎల్బే నది దాకా వెళ్లాడు. క్రీ.పూ. 9లో తిరిగొస్తూ గుర్రం మీద నుంచి పడి, ఆ దెబ్బతోనే చనిపోయాడు. ఆ తర్వాత అతని అన్న టైబీరియస్ ఆ పని కొనసాగించాడు. లిప్పె నది వెంట వరసగా సైనిక శిబిరాలు వెలిశాయి. హెస్సె రాష్ట్రంలోని వాల్డ్‌గిర్మెస్ దగ్గర ఏకంగా ఒక రోమన్ పట్నమే కట్టడం మొదలైంది. మధ్యలో కొలువు కూటం, చుట్టూ దుకాణాలు. అక్కడి బావిలో 2009లో బంగారు పూత పూసిన కంచు గుర్రం తల దొరికింది. చక్రవర్తి విగ్రహంలోని ముక్క అయ్యుంటుందంటారు. అడవి మధ్యలో అలాంటి విగ్రహం నిలబెట్టారంటే, ఇక ఈ దేశం మాదే అని రోమన్లు ఎంత ధీమాగా ఉన్నారో చూడండి.

కాసియుస్ డియో అనే చరిత్రకారుడు ఇక్కడ ఒక మంచి మాట రాశాడు. జర్మన్లు సంతలకు రావడం, గొడవ లేకుండా కలవడం అలవాటు చేసుకుంటున్నారట. మెల్లమెల్లగా మారుతున్నందువల్ల ఆ మార్పు వాళ్లకి బరువుగా అనిపించలేదట, తాము మారుతున్నామన్న సంగతే వాళ్లకి తెలియలేదట. వారుస్ వచ్చి ఆ మార్పును తొందర పెట్టాడు. బానిసలకు చెప్పినట్టు ఆజ్ఞలు జారీ చేశాడు, ఎప్పుడో లొంగిపోయిన దేశాల దగ్గర వసూలు చేసినట్టు డబ్బు వసూలు చేశాడు. చెడిందంతా అక్కడే.

ఇప్పుడు గద్ద సంగతి. ఒక్కో లీజియన్‌కి ఒక్కటే గద్ద ఉంటుంది. శిబిరం నడిబొడ్డున ప్రధాన కార్యాలయంలో దానికో గది, రాత్రింబవళ్లు కాపలా. సైనికులు జీతంలో మిగుల్చుకున్న డబ్బు కూడా ధ్వజాల దగ్గరే దాచుకునేవారు. గుడి గర్భాలయం, బ్యాంకు లాకర్ ఒకే గదిలో ఉన్నట్టు అనుకోండి. నలుగురు కుర్రాళ్లు చీకట్లో దూరి దాన్ని పట్టుకుపోవడమంటే అయ్యే పని కాదు. క్రీ.శ. 9లో యుద్ధానికి ముందు గద్ద పోయిందని ఏ ప్రాచీన రచయితా చెప్పలేదు కూడా.

కానీ రచయితలు దీన్ని గాల్లోంచి పట్టుకురాలేదు. క్రీ.పూ. 16 ప్రాంతంలో సుగంబ్రి తెగ, దాని మిత్ర తెగలు కలిసి రైన్ దాటి వచ్చి, మార్కుస్ లోల్లియుస్ నడిపిస్తున్న అయిదో లీజియన్‌ని చిత్తుగా కొట్టి గద్దను పట్టుకుపోయాయి. రోమ్‌లో అది పెద్ద తలవంపు. ఇక క్రీ.శ. 9లో పోయినవి ఏకంగా మూడు. 15లో బ్రుక్టెరి తెగ దగ్గర పంతొమ్మిదో లీజియన్ గద్ద దొరికింది. మరుసటి ఏడాది మార్సి తెగ పాతిపెట్టిన రెండోది దొరికింది. మూడోది తిరిగొచ్చేసరికి 41 అయింది, అప్పటికి క్లాడియుస్ చక్రవర్తి గద్దెనెక్కాడు. ఒక లోహపు పక్షి కోసం ముప్పై రెండేళ్లు వెతికారంటే దాని విలువ ఏమిటో తెలుస్తుంది. ఎపిసోడ్‌లో గద్ద పోగానే వారుస్ మనుషులు వెర్రెత్తిపోవడం ఆ లెక్కన నమ్మదగినదే.

కప్పం సీను గురించి. సైనికులు పల్లె మధ్యలో నిలబడి ధాన్యం, పశువులు అడగడం కాస్త మోటుగా తీశారు. కానీ కప్పం జనాన్ని ఎలా తొక్కేసేదో తెలియాలంటే ఉత్తర సముద్ర తీరంలో, ఇప్పటి నెదర్లాండ్స్‌లో ఉన్న ఫ్రీసి తెగ కథ వినాలి. వాళ్లు పేదవాళ్లని డ్రూసుస్ తేలికైన కప్పం పెట్టాడు: సైన్యం అవసరాలకు ఎద్దు తోళ్లు ఇస్తే చాలు. ఎంత తోలు, ఎంత మందం అని అప్పట్లో ఎవరూ కొలవలేదు. తర్వాత ఒలెన్నియుస్ అనే మాజీ సైనికాధికారి వాళ్ల మీద పెత్తనానికి వచ్చాడు. వచ్చి, అడవి దున్న తోలు ఎంత ఉంటుందో అంత ఉండాలని కొలత పెట్టాడు. అక్కడి అడవుల్లో దున్నలు భారీగా ఉంటాయి, ఇళ్ల దగ్గర పెంచే పశువులేమో చిన్నవి. ఎక్కణ్నుంచి తెస్తారు? ముందు పశువులే ఇచ్చేశారు. తర్వాత పొలాలు పోయాయి. చివరికి భార్యాపిల్లల్ని బానిసలుగా అప్పజెప్పాల్సి వచ్చింది. మొర పెట్టుకున్నా వినేవాడు లేడు. 28లో ఒకరోజు కప్పం వసూలుకు వచ్చిన సైనికుల్ని పట్టుకుని ఉరికంబాలెక్కించారు. ఆ తర్వాతి పోరులో ఒక్క అడవిలోనే 900 మంది రోమన్లు చచ్చిపోయారు.

ఇది చెప్పింది జర్మన్ల పక్షం మనిషి కాదు, రోమన్ చరిత్రకారుడు టాసిటస్. ఆ కప్పం వసూలులో కొరడా లేదు, చిందిన నెత్తురు లేదు, ఉన్నదల్లా తోలు కొలత ఒక్కటే. సిరీస్ తీసినవాళ్లు పల్లె సీనులో ఇలాంటిదొకటి పెట్టి ఉంటే నాకు ఇంకా నచ్చేది. అవమానం అందరికీ చటుక్కున అర్థమవుతుంది కాబట్టి దాన్ని ఎంచుకున్నారు.

ఇంక అసలు విషయానికి వస్తాను. వారుస్ యుద్ధవీరుడిగా కంటే పాలకుడిగా పేరున్నవాడు. అంతకుముందు ఆఫ్రికా, సిరియా రాష్ట్రాలకు గవర్నర్‌గా చేశాడు. పేదవాడిగా సంపన్న సిరియాలో అడుగుపెట్టి, సంపన్నుడై పేద సిరియాను వదిలి వెళ్లాడని వెల్లెయుస్ పాటెర్కులుస్ అనే రోమన్ చరిత్రకారుడు ఎద్దేవా చేశాడు. క్రీ.పూ. 4లో హెరోదు రాజు చనిపోయాక యూదయలో లేచిన తిరుగుబాటును అణచి, రెండు వేల మందిని శిలువ వేయించినవాడు కూడా ఇతనే. అంటే మెతక మనిషేమీ కాదు. అలాంటివాడు జర్మనీలో చేసిందేమిటి? వేసవి అంతా కోర్టు పెట్టుకుని తీర్పులు చెప్పాడు. కత్తికి లొంగనివాళ్లని చట్టంతో దారిలో పెట్టొచ్చనుకున్నాడు.

జర్మన్ తెగలకు న్యాయం చెప్పుకోవడం తెలియక కాదు. వాళ్లకో సభ ఉండేది. చిన్న విషయాలు పెద్దలు తేల్చేవాళ్లు, పెద్ద విషయాలు అందరూ కలిసి. మాట నచ్చితే ఈటెలు ఆడించి శబ్దం చేసేవాళ్లు, నచ్చకపోతే గొణిగేవాళ్లు. సభకి పిలిచిన రోజుకి ఎవరూ రారని, అందరూ చేరేసరికి రెండు మూడు రోజులు దండగ అని టాసిటస్ విసుక్కున్నాడు. (మన మీటింగులు గుర్తొస్తే నా తప్పు కాదు.) తప్పు చేసినవాడు గుర్రాలో, పశువులో జరిమానా కట్టాలి. అందులో కొంత బాధితుడికో అతని బంధువులకో చేరుతుంది. హత్యకైనా ఇన్ని పశువులు, ఇన్ని గొర్రెలు అని లెక్క ఉంది. స్వేచ్ఛగా పుట్టినవాణ్ణి కట్టెయ్యడం, కొట్టడం పూజారులకు తప్ప యుద్ధ నాయకుడికి కూడా కుదరదు. ఇప్పుడు అక్కడికి ఒక పరదేశి వచ్చి, లాటిన్‌లో వాదించే వకీళ్లని వెంటబెట్టుకుని, బెత్తాల కట్ట, గొడ్డలి పట్టుకున్న బంట్రోతుల్ని పక్కన నిలబెట్టి తీర్పు చెబుతుంటే ఎలా ఉంటుంది? పొలం గట్టు తగాదాలో ఓడిపోయినవాడికే కాదు, గెలిచినవాడికీ ఒళ్లు మండుతుంది, ఎందుకంటే తన ఊరి పెద్ద నోరు మూసుకుని నిలబడ్డాడు.

ఆర్మీనియస్ నోట టాసిటస్ పలికించిన మాటల్లో కూడా ఇదే ఉంది: ఎల్బేకీ రైన్‌కీ మధ్య రోమన్ బెత్తాలు, గొడ్డళ్లు, టోగా బట్టలు కనబడ్డాయి, దాన్ని జర్మన్లు ఎన్నటికీ క్షమించరు అని. యుద్ధం అయ్యాక వకీళ్ల మీద ప్రత్యేకంగా కసి తీర్చుకున్నారని ఫ్లోరుస్ అనే రోమన్ రచయిత రాశాడు. ఒకడి నాలుక కోసి, నోరు కుట్టేసి, ఆ నాలుకను చేత్తో పట్టుకుని, “పాము, ఇప్పటికైనా బుస కొట్టడం మానావా” అన్నారట. ఫ్లోరుస్ వందేళ్ల తర్వాతివాడు, అతిశయోక్తి అలవాటున్నవాడు, కాబట్టి యథాతథంగా నమ్మనక్కర్లేదు. అయినా కోపం కత్తి పట్టినవాడి కంటే నాలుక ఆడించినవాడి మీద ఎక్కువని రోమన్లకే తెలిసిందన్నమాట.

జర్మన్లు ఆ కోర్టునే ఉచ్చుగా మార్చారు కూడా. లేని తగాదాలు కల్పించుకుని వారుస్ దగ్గరికి వెళ్లేవాళ్లు. ఒకరి మీద ఒకరు కేసులు వేసుకుని, “మీరు వచ్చాక కదా మాకు న్యాయమంటే తెలిసింది, లేకపోతే కత్తులతో తేల్చుకునేవాళ్లం” అని పొగిడేవాళ్లు. వారుస్ ఉబ్బిపోయాడు. తను సైన్యాధిపతినన్న సంగతి మరిచి, రోమ్ నగరంలో జడ్జీగా కూర్చున్నాననుకున్నాడని వెల్లెయుస్ రాశాడు. ఈ వెల్లెయుస్ జర్మనీలో టైబీరియస్ కింద పనిచేసిన సైనికాధికారి, ఆ కాలపు మనిషి. ఇంతకంటే గొప్ప సీను ఏ స్క్రీన్‌ప్లే రచయితకి దొరుకుతుంది చెప్పండి? దీన్ని వదిలేసి గద్ద వెంట పడ్డారనే నా బాధ. ముప్పావు గంటలో ప్రేక్షకుణ్ణి కుర్చీకి కట్టెయ్యాలంటే కోర్టు సీను కంటే దొంగతనం సీనే పనికొస్తుందని నాకూ తెలుసు.

ఆర్మీనియస్ గురించి. వారుస్ అతన్ని పెంచి ఉండటానికి వీల్లేదు. ఆర్మీనియస్ చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు వారుస్ ఆఫ్రికాలోనూ సిరియాలోనూ ఉద్యోగం చేస్తున్నాడు. జర్మనీకి వచ్చింది యుద్ధానికి రెండు మూడేళ్ల ముందే. చిన్నప్పుడే రోమన్లకి బందీగా ఇచ్చారన్నది కూడా ఊహే, ఎక్కడా రాసి లేదు. రాసి ఉన్నదేమిటంటే, అతను రోమన్ సైన్యంలో తన తెగవాళ్ల సహాయక దళానికి నాయకుడు. రోమన్ పౌరసత్వం, అశ్వికుడి హోదా (సెనేటర్ల తర్వాతి ఉన్నత శ్రేణి) రెండూ సంపాదించాడు. లాటిన్ వచ్చు. అప్పటికి పాతికేళ్ల వయసు. వారుస్‌తో కలిసి భోజనం చేసేవాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, ఇక్కడ దొంగను ఇంకో ఇంటి మనిషి పట్టిచ్చినా యజమాని వినలేదు. యుద్ధానికి ముందు రాత్రి విందులో సెగెస్టెస్ వారుస్‌తో, “నన్నూ ఆర్మీనియస్‌నీ మిగతా పెద్దల్నీ అందర్నీ కలిపి బంధించు, నాయకులు లేకపోతే జనం కదలరు, ఎవరు దోషో తర్వాత తీరిగ్గా తేల్చుకోవచ్చు” అని చెప్పాడు. వారుస్ నవ్వి వదిలేశాడో, కక్షతో అంటున్నాడనుకున్నాడో గానీ వినలేదు. మర్నాడు మూడు లీజియన్లు బయల్దేరాయి.

అందుకే మొదటి ఎపిసోడ్‌లో నాకు బాగా నచ్చింది దొంగతనం కాదు, ఆర్మీనియస్ రోమన్ కవచంలో వచ్చి నిలబడటం. తిరుగుబాటు నడిపించింది రోమన్ సైన్యం జీతం తిన్న మనిషి. లీజియన్ ఇరుకు దారిలో బారులు తీరితే ఎంత నిస్సహాయంగా ఉంటుందో అతనికి లోపలి నుంచి తెలుసు. సిరీస్‌లో ఫోల్క్‌విన్‌ని పుట్టించి ఆ కోపాన్ని పల్లె కుర్రాడి మీద పెట్టారు. కథకి అది బాగుంది, చరిత్రకి తేడా వచ్చింది.

భాష గురించి ఒక్క మాట. డబ్బింగ్ ఆన్ చేసి ఉంటే వెంటనే ఆపి, ఒరిజినల్ ఆడియోలో సబ్‌టైటిల్స్‌తో చూడండి. ఇందులో రోమన్లు నిజంగా లాటిన్ మాట్లాడతారు. వారుస్‌గా వేసిన గెటానో అరోనికా ఇటాలియన్ నటుడు. జర్మన్ తెగలేమో నేటి జర్మన్ మాట్లాడతాయి. రెండు వేల ఏళ్ల కిందట ఆ భాష లేదు, అయినా ఫర్వాలేదు. పల్లెలో సగం మందికి రోమన్ ఏమంటున్నాడో అర్థం కాక, దుబాసీ మొహం చూస్తూ నిలబడటంలో టెన్షన్ అంతా ఉంది. డబ్బింగ్‌లో అది పోతుంది. అడవి, బురద అంతా హంగేరీలో తీశారు. ముఖాలకు నల్ల రంగు పూసుకోవడం చూసి నవ్వొచ్చింది. అలా పూసుకునేవాళ్లని టాసిటస్ చెప్పింది హారీ అనే వేరే తెగ గురించి.

యుద్ధం జరిగిందని ఎక్కువమంది పండితులు నమ్మే చోటు చూడాలంటే ఓస్నాబ్రుక్ దగ్గర కాల్క్‌రీజె వెళ్లాలి. డెట్‌మోల్డ్ దగ్గర కొండ మీద కత్తి ఎత్తి నిలబడ్డ ఆర్మీనియస్ విగ్రహం (పీఠంతో కలిపి 53 మీటర్లు) ఫొటోలు మీరు చూసే ఉంటారు. 1875లో జర్మన్ జాతీయత పొంగిన రోజుల్లో ఆవిష్కరించింది. యుద్ధం అక్కడ జరిగిందనడానికి ఆధారాలేమీ దొరకలేదు. 1987లో టోనీ క్లన్ అనే బ్రిటిష్ సైనికాధికారి మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరుగుతుంటే కాల్క్‌రీజె పొలాల్లో రోమన్ వెండి నాణేలు, తర్వాత ఒడిసెలలో పెట్టి విసిరే సీసపు గుండ్లు దొరికాయి. తవ్వకాలు అలా మొదలయ్యాయి. అక్కడ దొరికిన నాణేల్లో క్రీ.శ. 9 తర్వాతివి లేవు. వాటిలోని వెండి నాణేల్లో బాగా కనిపించే ఒక రకం మీద డాలు, ఈటెలతో నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్లుంటారు, ఆగస్టస్ మనవలు గాయుస్, లూసియుస్. ఆశ్చర్యం ఏమిటంటే ఇదే నాణెం మన దేశంలో దొరికే రోమన్ నిధుల్లోనూ చాలా మామూలు. నల్గొండ జిల్లా అక్కెనపల్లి నిధిలో దొరికినవి కూడా ఎక్కువగా ఆగస్టస్, టైబీరియస్‌ల కాలపు వెండి నాణేలే. మిరియాలూ బట్టలూ కొన్న డబ్బుతోనే సైనికుల జీతాలూ ఇచ్చారన్నమాట.

మ్యూజియంలో అందరూ ఎగబడి చూసేది ఆశ్వికుడి ఇనుప ముఖకవచం. దాని మీద వెండి రేకు ఉండేది. గెలిచినవాళ్లు ఆ రేకు మాత్రం ఒలుచుకుని ఇనుమును పారేశారు. నేను ఎక్కువసేపు నిలబడింది కంచర గాడిద అస్థిపంజరం దగ్గర. మెడలో గంట ఉంది, అది మోగకుండా లోపల గడ్డి కుక్కి ఉంది. వానలో, చీకట్లో, శత్రువుకి వినబడకుండా ఆ బండ్ల వరసను నడిపించాలని చూసిన ఎవరో సైనికుడు దారి పక్కన పీకిన గడ్డి అది. మూడు నాలుగు రోజులు సాగిన ఆ దాడిలో చచ్చిపోయినవాళ్లు 15,000 నుంచి 20,000 దాకా ఉంటారని అంచనా. వారుస్ తన కత్తి మీదే పడి చనిపోయాడు. పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది అంకెల్ని రోమన్లు మళ్లీ ఏ లీజియన్‌కీ పెట్టలేదు.

మిగతా ఎపిసోడ్‌లకి ఒక సలహా. సెగెస్టెస్ మీద కన్నేసి ఉంచండి. సిరీస్ అతన్ని విలన్‌ని చేస్తుంది, అతని వైపు కథ మాత్రం చెప్పదు. (ఇక్కడ స్పాయిలర్ ఉంది, వద్దనుకుంటే ఈ పేరా వదిలెయ్యండి.) క్రీ.శ. 15లో అతను గర్భంతో ఉన్న కన్నకూతురు, ఆర్మీనియస్ భార్య తుస్నెల్డాని రోమన్లకి అప్పగించాడు. క్రీ.శ. 17లో, మే 26న రోమ్‌లో జరిగిన విజయోత్సవంలో ఆమెనీ చిన్న కొడుకునీ ఊరేగిస్తుంటే, అతను గౌరవ అతిథిగా కూర్చుని చూశాడు. ఆర్మీనియస్ సోదరుడు ఫ్లావుస్ కూడా చివరిదాకా రోమ్ వైపే ఉండి, ఆ కొలువులో ఒక కన్ను పోగొట్టుకున్నాడు. చివరికి ఆర్మీనియస్ ప్రాణం తీసింది కూడా రోమన్లు కాదు, సొంత బంధువులు.

మొదటి సీజన్ 2020లో వచ్చింది, ఆరు ఎపిసోడ్‌లు. యుద్ధం అందులోనే అయిపోతుంది. 2022లో వచ్చిన రెండో సీజన్‌లో ఫ్లావుస్, టైబీరియస్ వస్తారు గానీ అక్కడ చరిత్రను ఇంకా వదులుగా వాడుకున్నారు. టైం లేకపోతే మొదటి ఆరూ చూసి ఆపెయ్యండి, నష్టమేమీ లేదు.